చలికి మోగిన ఇంజను

మా కింది వాటాలో ఉండే బ్యాంకు అబ్బాయి ఈమధ్య ఒక పాత కారు కొన్నాడు. పొద్దున్నే ఆరున్నరకు బయటికి తీస్తాడు. తాళం తిప్పగానే ఇంజనులో ఎవరో రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపుతున్నట్టు చప్పుడు వస్తుంది. మూడు నాలుగు నిమిషాలు అట్లా మోగి, వేడెక్కగానే ఆగిపోతుంది. మొన్న పాలకోసం కిందికి దిగినప్పుడు నన్ను చూసి నవ్వాడు.

"ఏం లేదక్కా, చలికి అట్ల కొట్టుకుంటాది. వేడైతే సరిపోతాది."

తల ఊపి పైకి వచ్చేశాను. తలుపు వేసుకున్నాక గాని పాలు తెచ్చుకోలేదని గుర్తు రాలేదు. వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఆ చప్పుడు ఆగిందాకా కదలలేకపోయాను. నాకు యాభై దాటాయి కానీ ఆ మూడు నిమిషాలు పదకొండేళ్ల పిల్లనే.

ఆ ఏడు చలికాలంలో నాకు కామెర్లు వచ్చాయి. మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. అమ్మా నాయనా ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్లు. అమ్మకు మగ్గం గుంతలోంచి లేచి నన్ను చూసుకునే తీరిక లేదు. అందుకని నన్ను పెనుకొండలో అవ్వ దగ్గర, అంటే అమ్మను కన్నామె దగ్గర దింపిపోయారు. అవ్వకు కామెర్ల మందు తెలుసు. పొద్దున్నే పరగడుపున నేల ఉసిరి ఆకు నూరి మేకపాలలో కలిపి పట్టించేది. ముక్కు మూసుకుని తాగినా ఆ పచ్చి వాసన మధ్యాహ్నందాకా గొంతులో ఉండిపోయేది.

ఆ ఇంట్లో అవ్వ కాకుండా మామ ఒక్కడే. అమ్మకు తమ్ముడు. అప్పటికింకా పెళ్లి కాలేదు. మెకానిక్కు. ఇంటి ముందు రోడ్డు వైపుకు రేకుల షెడ్డు వేసుకుని కార్లూ జీపులూ బాగు చేసేవాడు. ఇంటి వెనక వంటిల్లు, ముందర షెడ్డు. వెనక నుంచి అవ్వ వేయించే ఎండుమిరపకాయల ఘాటు, ముందు నుంచి పెట్రోలు, గ్రీజు, కాలిన రబ్బరు వాసన. నడవలో నా మంచం. రెండు వాసనలూ నా మీదుగానే పోయేవి.

నాకు పత్యం. ఉప్పూ కారం లేని మజ్జిగన్నం, ఉడకబెట్టిన సొరకాయ, అంతే. మామ కంచంలో రాగి సంగటి, దాని పక్కన అవ్వ రోట్లో నూరిన శెనిక్కాయల ఊరిమిండి పచ్చడి చూస్తే ఏడుపు వచ్చేది. ఒకరోజు అవ్వ నీళ్లకు పోయినప్పుడు రోట్లో వేలు పెట్టి నాకాను. అవ్వ వచ్చి నా మొగం చూసింది.

"నోరు తెరువు."

తెరిచాను.

"నాలుకంతా ఎర్రగుండాదే! సచ్చిపోతావే పిల్లా, కారం తింటే!"

నిజంగానే చచ్చిపోతాననుకుని ఆ రోజంతా మంచం మీద వెల్లకిలా పడుకుని ఎదురు చూశాను. సాయంత్రానికి ఏమీ కాలేదు. చేసిన తప్పుకు ఏమీ కాదు, గమ్మున ఉంటే చాలు అని నాకు అప్పుడే ఎక్కడో నాటుకుందేమో. ఆ మాట నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు.

బడి లేదు. జతపిల్లలు లేరు. కామెర్లు అంటుకుంటాయని పక్కింటి పిల్లలను రానిచ్చేవాళ్లు కాదు. షెడ్డులో ఒక మూల నూనె డబ్బాలో పగిలిన బేరింగుల్లోంచి తీసిన ఉక్కు గుండ్లు ఉండేవి. పెద్దవి రేగుపండంత, చిన్నవి శెనగ గింజంత. పట్టుకుంటే చల్లగా, బరువుగా, అద్దంలా మెరుస్తూ ఉండేవి. అవే నా గోలీలు. నేల మీద గీత గీసి నేనే రెండు జట్లయి ఆడుకునేదాన్ని.

మామ ఒక్కటే చెప్పేవాడు. "ఆడుకో పాపా. బండి కాడికి మాత్రం రావద్దు."

షెడ్డు ముందు బండ మీద పొద్దెక్కేవరకు పెద్దవాళ్లు కూర్చునేవాళ్లు. ఈ ఏడు కూడా శెనిక్కాయ ఎండిపాయ అని ఒకరు, బుక్కపట్నం చెరువుకు నీళ్లొచ్చినాయంట అని ఇంకొకరు. రోడ్డు మీద లారీ పోతే మాట ఆపి మామ వైపు చూసేవాళ్లు. మామ తల ఎత్తకుండానే, "రెండో గేరు పోయింది దానికి. కొండ ఎక్కదు" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. మామ చెవి మీద ఆ ఊరికి అంత నమ్మకం.

హెడ్మాస్టరు సారుకు కూడా అంతే. ఆయన రిటైరై స్టేషను రోడ్డులో సొంతిల్లు కట్టుకుని ఉండేవాడు. భార్య కూడా టీచరే, ఇంకా పని చేస్తుండేది. పిల్లలు లేరు. వాళ్లకొక పాత తెల్ల కారు. ఆదివారం చర్చికి, పండగలకు హిందూపురం చుట్టాలింటికి, అంతే దాని ప్రయాణం. దానికి ఏమైనా అయితే మామ తప్ప ఇంకొకరు దాని మూత ఎత్తకూడదు.

కారు వచ్చినప్పుడల్లా టీచరమ్మ కూడా వచ్చేది. నాకు కామెర్లని తెలిసినప్పటి నుంచి చీనీకాయలు, అంటే బత్తాయిలు, తెచ్చేది. తనే నా మంచం మీద కూర్చుని తోలు తీసి, తొనల మీది తెల్ల పొర కూడా ఒలిచి, గింజలు తీసి నా చేతిలో పెట్టేది. ఆమెకు జబ్బు అంటుకుంటుందన్న భయం లేదు. ఆ తోళ్లను అవ్వ చేటలో వేసి గోడ మీద ఎండబెట్టేది, నలుగుపిండిలోకి. అంత చప్పిడి తిండి మధ్య ఆ పులుపూ తీపీ ఎట్లా ఉండేదో చెప్పలేను. ఆమె వస్తుందంటే పొద్దున్నే తల దువ్వుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు సారు కారును ఆయిలు మార్చమని వదిలిపెట్టి పోయాడు. మామ మూత ఎత్తి, ఆయిలు కిందికి కారడానికి పెట్టి, ఏదో వస్తువు కోసం అంగడికి పోయాడు. షెడ్డులో నేనొక్కదాన్నే. చేతిలో శెనగ గింజ కంటే కొంచెం పెద్ద గుండు ఉంది. ఇంజను మీద నల్లటి గుండ్రటి మూత, దాని అంచు గిన్నె అంచులాగా ఉంది. ఆ అంచు మీద గుండు దొర్లిస్తే చుట్టూ తిరిగి వస్తుందా అనిపించింది. పీట తెచ్చుకుని ఎక్కాను. ఒకసారి తిరిగి వచ్చింది. రెండోసారి కూడా వచ్చింది. మూడోసారి జారి లోపలికి పడింది. టక్, టక్ అని రెండు సార్లు తగిలి ఆగిపోయింది.

వంగి చూశాను. చీకటి, గొట్టాలు. చేయి పెట్టడానికి భయం వేసింది. కింద పడిపోయి ఉంటుందని బండి కింద వెతికాను. లేదు. మామ చెప్పుల చప్పుడు వినబడితే పీట తీసుకుని నడవలోకి పరుగెత్తాను. మామ ఆయిలు పోసి, మూత వేసి, మధ్యాహ్నానికి కారు ఇచ్చేశాడు.

నాలుగు రోజులు గడిచాయి. సారూ టీచరమ్మా పొద్దున్నే వచ్చారు.

"ఏమప్పా, బండి కొత్తగా చప్పుడు చేస్తాండాదే. తెల్లారి తీస్తే లోపల గలగలమంటుంది. సందు చివరికి పోయేసరికి ఆగిపోతుంది" అన్నాడు సారు.

"చలికి పళ్లు టకటకలాడిస్తాంది, పాపం" అని టీచరమ్మ నవ్వింది.

మామ తీసి చూశాడు. దారిలో వేడెక్కింది కదా, ఏ చప్పుడూ లేదు. "చల్లగున్నప్పుడే వినాల సార్. రాత్రికి ఈడనే పెట్టిపోండి" అన్నాడు.

మర్నాడు పొద్దున మంచు పట్టి ఉంది. కోట కొండ కనబడడం లేదు. మామ తలకు తువ్వాలు చుట్టుకుని కారు తాళం తిప్పాడు. నేను దుప్పటి కప్పుకుని గడప మీద ఉన్నాను. గలగలగలమని మోగింది. వినగానే నాకు తెలిసిపోయింది. ఆ గుండుతో నేల మీద ఆడుకున్న చేతులు నావి. అది ఇనుము మీద కొట్టుకునే చప్పుడు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

మామ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ఒకచోట విని, ఇంకొకచోటికి మార్చాడు. కళ్లు మూసుకున్నాడు. అంతలో చప్పుడు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. మామ కళ్లు తెరిచి ఇంజను వైపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. తన చెవికి అంతు పట్టనిది అదే మొదటిసారేమో.

రోజుకు ఒక్కసారే వినడానికి వీలు. ఒకసారి వేడెక్కిందంటే మళ్లీ మర్నాటి దాకా ఆగాల్సిందే. మొదటి రోజు ఆయిలు చూశాడు. సరిగ్గానే ఉంది. రెండో రోజు పైన మూత తీసి, లోపల టకటక కొట్టుకునే చిన్న కమ్ముల మధ్య సందులను పలచటి రేకులు పెట్టి కొలిచి సరిచేశాడు. మూడో రోజు ఒక్కొక్క ప్లగ్గు తీగ లాగి, ఏది లాగితే చప్పుడు మారుతుందో చూశాడు. దేనికీ మారలేదు. సాయంత్రం అవ్వ అన్నం పెడితే కలుపుకుని తినకుండా కూర్చున్నాడు.

"ఏందిరా అట్లున్నావు?" అంది అవ్వ.

"పిస్టను కొడతాందేమో అనుమానంగా ఉండాది మా. చల్లగున్నప్పుడు వదులుగా ఉండి గోడలకు కొట్టుకుంటాది. వేడైతే ఉబ్బి సరిపోతాది. అదే అయితే ఇంజను తల ఇప్పి చూడాల్సిందే."

"ఇప్పితే ఇప్పు. అన్నం తిను."

నేను మజ్జిగన్నం ముందు కూర్చుని ఉన్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. మామా, అది నా గుండు. నాలుగే మాటలు. నన్ను ఊరికి పంపించేస్తారని భయం. మామ ఎప్పుడూ నన్ను తిట్టలేదు, ఆ తిట్టు మొదటిసారి వినాలంటే భయం. తల తీస్తే కనబడుతుందిలే, అప్పుడు మామే తీసేస్తాడులే అనుకున్నాను.

మర్నాడు మామ ఇంజను విప్పాడు. ఒక్కొక్క భాగమూ కిరసనాయిలుతో కడిగి గోతాం మీద వరసగా పెట్టాడు. సాయంత్రం సారూ టీచరమ్మా చూడడానికి వచ్చారు.

"పిస్టన్లు బాగానే ఉండాయి సార్. ఇంకా చూస్తాండా. రెండు రోజుల్లో ఎక్కిస్తా" అన్నాడు మామ. మొగం చిన్నబోయి ఉంది.

టీచరమ్మ లోపలికి వచ్చి నా మంచం మీద కూర్చుంది. చీనీకాయ ఒలుస్తూ నా వైపు చూసింది.

"ఏమ్మా, అట్ల ముడుచుకుని కూర్చున్నావు? ఒళ్లు బాగలేదా?"

"బాగానే ఉంది టీచర్."

"మరి? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

తల అడ్డంగా ఊపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె గమనించింది. ఎన్ని వందల మంది పిల్లలను చూసి ఉంటుంది! గొంతు తగ్గించింది.

"ఏదన్నా తప్పు చేసినావా? నాకు చెప్పు. నేనెవరికీ చెప్పను."

చెప్పబోయాను. అవ్వ కాఫీ గ్లాసుతో వచ్చింది. "రేపు చెప్తా టీచర్" అన్నాను.

"సరే, రేపు చెప్పు." నా చేతిలో తొన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని, కాఫీ తాగి పోయింది.

తెల్లవారుతుండగా ఎవరో షెడ్డు రేకు మీద కొట్టారు. మామ తలుపు తీశాడు. నేను మామ వెనకే పోయాను. సారు. పంచె మీద స్వెట్టరు, కాళ్లకు చెప్పులు లేవు. స్టేషను రోడ్డు నుంచి పరుగెత్తుకుని వచ్చాడు, మాట రావడం లేదు.

"బండి... బండి కావల్లప్పా. ఆమెకు గుండెలో నొప్పి. చెమటలు పడతాండాయి."

ఇద్దరూ గోతాం వైపు చూశారు. ఇంజను ముక్కలన్నీ అక్కడే, వరసగా, కడిగి ఉన్నాయి. సారు వాటిని చూసిన చూపు నేను చూశాను. చాలాసేపు చూడలేదు. అయినా అంతకంటే పెద్ద చూపు నేను మళ్లీ చూడలేదు.

మామ చొక్కా కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి ఉరికాడు. ఊళ్లో ఉన్న అద్దె జీపు పెళ్లికి పోయింది. చివరికి ఒక పాల వ్యానును ఆపి, క్యానులు దింపించి, హిందూపురం ఆసుపత్రికని టీచరమ్మను అందులో పడుకోబెట్టారు. మామ కూడా ఎక్కాడు. నేనూ అవ్వా రోడ్డు పక్కన నిలబడ్డాము. వ్యాను వెనక తలుపు సందులోంచి టీచరమ్మ చీర అంచు బయటికి వచ్చి కొట్టుకుంటూ పోయింది.

పొద్దెక్కకముందే తిరిగి వచ్చారు. సోమందేపల్లి దాటేలోపే ప్రాణం పోయిందట.

గోడ మీద చేటలో నిన్నటి చీనీకాయ తోళ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ తర్వాత వారం రోజులు అవి ముడుచుకుంటూ, గోధుమరంగుకు తిరుగుతూ అక్కడే ఉన్నాయి. అవ్వ వాటిని తీయలేదు, నేను వాటి వైపు పోలేదు. మంచం మీద పడుకుంటే నా కాళ్ల దగ్గర ఎవరో కూర్చున్నట్టు నులక వంగేది. కళ్లు తెరిస్తే ఎవరూ ఉండరు. మూసుకుంటే మళ్లీ వంగేది. ఒళ్లు కాలుతోందనుకుని అవ్వ నా తలకు తడిబట్ట వేసింది. మందు రెండు పూటలు చేసింది. నాకు జ్వరం లేదు.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు మామ ఇంజను బిగించడం మొదలుపెట్టాడు. నన్ను ఎండలో కూర్చోబెట్టమని అవ్వ చెప్తే షెడ్డు గుమ్మంలో పీట వేశాడు. పొగ బయటికి పోయే లావాటి ఇనుప గొట్టం ఒక్కటే కడగకుండా మిగిలింది, దాని మీద వేడి తగలకుండా అడ్డం కట్టిన మడత రేకు. దానికి పట్టిన మసి రాలాలని మామ గొట్టాన్ని తలకిందులు చేసి నేలకు కొట్టాడు. రేకు మడతలోంచి గుండు జారి సిమెంటు మీద పడింది. దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది.

చల్లగున్నప్పుడు రేకుకూ గొట్టానికీ మధ్య సందులో అది ఆడేది. వేడెక్కితే ఇనుము ఉబ్బి దాన్ని నొక్కి పట్టేది. అంతే. ఇంజనుకు ఏ రోగమూ లేదు.

మామ పోయి దాన్ని తీశాడు. మసి తుడిచాడు. నా వైపు చూశాడు. తర్వాత మూలకు పోయి, మిగతా గుండ్లున్న డబ్బాలో దాన్ని వేశాడు.

"పాపా, లోపలికి పో. ఎండ ఎక్కువైంది" అన్నాడు.

మర్నాడు పొద్దున కారు తీశాడు. గట్టి చలి. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి సారు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"ఏమైండె దానికి?" అని అడిగాడు.

నేను నడవలో తలుపు వెనక ఉన్నాను. మామ నా పేరు చెప్తాడని గోడకు అతుక్కుపోయాను.

"ఏం లేదు సార్. నాదే తప్పు. ఇప్పాల్సిన పని లేదు, తెలీక ఇప్పినా" అన్నాడు మామ.

సారు తాళం తీసుకున్నాడు. కారెక్కి పోయాడు. ఆ రోజు నుంచి మామను మాట్లాడించలేదు. ఎదురుపడితే రోడ్డు ఆ పక్కకు దాటేవాడట. ఆయన తిట్టలేదు, ఎవరికీ చాడీలు చెప్పలేదు. ఊరే చెప్పుకుంది. నడిచే బండిని విప్పి ఒక మనిషి ప్రాణం తీశాడని. షెడ్డు ముందు బండ మీద కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. వచ్చిన బండ్లు కూడా మూత ఎత్తబోతే, "ఇప్పొద్దులే అప్పా, పైపైన చూడు" అనేవాళ్లు.

నాకు నయమై ఊరికి పోయేదాకా ఇంకా పదిరోజులు అక్కడే ఉన్నాను. పొద్దున్నే స్టేషను రోడ్డు వైపు నుంచి ఆ కారు ఇంజను వినబడేది. సారు ఎక్కడికీ పోయేవాడు కాదు. ఇంటి ముందే తీసి, కొంతసేపు ఉంచి, ఆపేసేవాడు. గలగల ఏమీ లేదు, మెత్తగా తిరిగేది. అవ్వ దేవుడి ముందు దీపం వెలిగిస్తూ ఆగి వినేది. మామ మొగం కడుక్కుంటూ చెంబు అట్లాగే పట్టుకునేవాడు. ఇంజను ఆగాక ఎవరి పని వాళ్లు మొదలుపెట్టేవాళ్లం.

ధర్మవరం వచ్చాక కూడా అది నన్ను వదలలేదు. మగ్గంలో ఎక్కడన్నా మేకు వదులైతే గలగలమనేది. నాయన ఆపి, "యాడిదే ఈ చప్పుడు?" అని వంగి వెతికేవాడు. నేను కండెలు చుట్టేది వదిలి వీధిలోకి పోయి నిలబడేదాన్ని. నన్ను పెనుకొండకు పంపుతామంటే రకరకాల సాకులు చెప్పేదాన్ని. ఏడాది తిరగకముందే మామ షెడ్డు మూసేసి, అవ్వను తీసుకుని హిందూపురం పోయి, అక్కడ ఒకరి వర్క్‌షాపులో పనికి చేరాడని తెలిసింది. అమ్మ ఏడ్చింది. వాడి చేతికి ఏదో దిష్టి తగిలింది అంది. నేను వింటూ కండె చుట్టాను.

మామ నాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కానీ హిందూపురంలో ఆయన పని చేస్తుంటే చూశాను. చప్పుడు చేస్తుందని ఏ బండి వచ్చినా సరే, ముందు ఒక పుల్ల తీసుకుని ప్రతి రేకు కిందా, ప్రతి మడతలోనూ పెట్టి చూసేవాడు. తోటివాళ్లు నవ్వేవాళ్లు. పుల్లతో అంతా వెతికాకే పానా పట్టేవాడు.

నేను చదువుకుని టీచరునయ్యాను. నల్లమాడ పక్కన పల్లెలో పని. ఒకరోజు మా తరగతిలో ఒక పిల్ల పలక పగలగొట్టి, నేను అడిగితే నా మొగంలోకి చూస్తూ మాట్లాడలేదు. "చెప్పమ్మా, నేనేమీ అనను" అంటున్నాను. ఆ గొంతు నాది కాదనిపించింది. ఆ ఆదివారం బస్సెక్కి పెనుకొండ పోయాను.

సారు చాలా ముసలివాడైపోయాడు. కారు వసారాలో, మీద పరదా కప్పి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"మెకానిక్కు అక్క కూతుర్ని సార్. చిన్నప్పుడు కామెర్లొచ్చి ఈడ ఉంటిని. టీచరమ్మ నాకు చీనీకాయలు ఒలిచి పెట్టేది."

ఆయన మొగం విప్పారింది. "ఆ పాపవా నువ్వు! ఎంత పెద్దదానివైతివి! కూర్చో, కూర్చో. ఆమె నీ గురించే చెప్తాండె. ఆ పాపకు ఏదో మనసులో ఉంది, రేపు అడగాల అనె, ఆ రాత్రి." తనే వంటింట్లోకి పోయి టీ పెట్టి తెచ్చాడు.

టీ గ్లాసు పట్టుకుని అంతా చెప్పాను. గుండు, మూత అంచు, మూడోసారి జారడం, మామకు దొరకడం. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. ముగిశాక అడిగాడు.

"అంటే ఇంజనుకు ఏమీ కాలేదా?"

"లేదు సార్."

"ఇప్పకుండా ఉండింటే, ఆ పొద్దు తాళం తిప్పితే లేసేదా?"

"లేసేది సార్."

"చప్పుడు చేసుకుంటానే పోయిండేది."

"పోయిండేది సార్."

ఆయన నా చేతిలో గ్లాసు చూశాడు. నేను తాగలేదు. దాన్ని తీసుకుని, లేచి, వాకిట్లో మొక్క మొదట్లో పోశాడు. వెనక్కి తిరగకుండానే, "చీకటి పడకముందే బస్సు పట్టుకో" అన్నాడు.

నేను నల్లమాడకు పోలేదు. హిందూపురం పోయి, సారుకు అంతా చెప్పేశానని మామకు చెప్పాను. మామ రంపపు పొట్టుతో చేతుల గ్రీజు రుద్దుకుంటున్నాడు. రుద్దడం ఆపాడు.

"యాల చెప్తివి?"

"మనసు ఉండబట్టలేదు మామా."

"నీ మనసు సరే. ఆయప్ప మనసు?" ఆయన గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. "ఇన్నాళ్లు నన్ను తిట్టుకుంటా బతికినాడు. బండి చెడిపాయ, మెకానిక్కు చేతగానోడు, అంతే. దాంతో నిద్రపట్టేది. ఇప్పుడు బండి బాగుండె అని తెల్సె. ఒక గోలీకాయకు ఆయమ్మ పోయిందని తెల్సె. ఇంక ఎట్ల నిద్ర పట్టాల?"

నేను ఏడ్చాను. మామ కొళాయి కింద చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేనే అని నీకెట్ల తెల్సింది మామా?" అని అడిగాను.

"గుండు కింద పడితే ఎవరైనా గుండును చూస్తారు పాపా. నువ్వు నా మొగం చూసినావు."

నెల తర్వాత సారు బస్సెక్కి హిందూపురం వచ్చాడట. మామ వర్క్‌షాపు వెతుక్కుంటూ వచ్చి ముందర నిలబడ్డాడట. తిట్టడానికి వచ్చాడనుకుని మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు స్టూలు లాక్కుని కూర్చుని, "బండి అమ్మేస్తినప్పా" అన్నాడు. "మంచి పని చేసినారు సార్" అన్నాడు మామ. టీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. అంతకుమించి ఏమీ అనుకోలేదట. ఆ తర్వాత నెలకో, రెండు నెలలకో ఒకసారి సారు వచ్చేవాడు. పేపరు చదువుకుంటూ, మామ పని చేస్తుంటే చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు.

ఒకసారి నేను పోయేసరికి ఆయన ఉన్నాడు. నమస్కారం పెట్టాను. పేపరు మడిచాడు. "వస్తానప్పా" అని మామకు చెప్పి, నన్ను దాటుకుని పోయాడు. మొగంలో కోపం లేదు. ఇంకోసారి కూడా అంతే జరిగింది. మూడోసారి మామే ముందుగా ఫోను చేసి, "ఈ పొద్దు సార్ వస్తాడు పాపా" అన్నాడు. నేను ప్రయాణం మానుకున్నాను. అప్పటి నుంచి అదే అలవాటైంది. ఆయన మామను క్షమించాడు. నేనున్న చోట మాత్రం కూర్చోలేకపోయాడు.

సారు చనిపోయినప్పుడు మామా నేనూ ఇద్దరం పెనుకొండ పోయాము. టీచరమ్మ సమాధి పక్కనే గుంత తవ్వారు. మామ లోపలికి పోయి పిడికెడు మన్ను వేసి వచ్చాడు. నేను శ్మశానం గోడ బయటే నిలబడ్డాను. లోపలికి రమ్మని మామ అనలేదు. బయటికి వచ్చి, "పోదాం పా" అన్నాడు. బస్టాండు దాకా ఇద్దరం నడిచాము.

మామ కూడా పోయి కొన్నేళ్లైంది. టీచరమ్మ పోయినప్పుడు ఆమెకున్న వయసు నాకిప్పుడు ఉంది. పిల్లలు నా దగ్గరికి వచ్చి రేపు చెప్తామంటే నేను ఒప్పుకోను, ఇప్పుడే చెప్పించుకుంటాను. హిందూపురం పోవాలంటే పెనుకొండ మీదుగానే పోవాలి. బస్సు ఊళ్లోకి దిగగానే కళ్లు మూసుకుని తల కిటికీకి ఆనించుకుంటాను. ఊరు దాటేదాకా తెరవను. పక్కన కూర్చున్నవాళ్లు నిద్రపోయానని అనుకుంటారు. ఒకసారి ఒక ముసలామె తన కొంగు తీసి, ఎండ తగలకుండా నా మొగానికి అడ్డం పట్టుకుంది. నేను మెలకువగానే ఉన్నానని ఆమెకు చెప్పలేదు.